సీజన్ మధ్యలో ఆట మానేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. మూడేళ్లుగా ఒక క్లబ్ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడుతోంది. వారానికి ఆరు రోజులు రెండేసి గంటల ప్రాక్టీస్, ఏడో రోజు మ్యాచ్. నెల నుంచి గ్రౌండ్‌కి వెళ్లనని ఏడుస్తోంది. సీజన్ ముగియడానికి ఇంకా ఆరు వారాలుంది. ఇప్పుడు మానిపిస్తే ఏదైనా మధ్యలో వదిలేయడం అలవాటవుతుందని నా భయం. బలవంతపెడితే ఆటంటేనే విరక్తి పుడుతుందని మా ఆవిడ అంటోంది. స్పోర్ట్స్‌లోనే కెరీర్ ఉంటుందని ఆశపడ్డాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇద్దరి భయాల్లోనూ నిజముంది. కానీ ఉత్తరం రెండుసార్లు చదివినా నాకు ఒకటి కనిపించలేదు. పాప ఎందుకు వెళ్లనంటోంది? ఈ వయసు పిల్లలు ‘ఇష్టం లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వరసగా బెంచ్ మీద కూర్చోబెట్టిన చిన్నతనం దాని వెనక ఉండొచ్చు. టీమ్ వదిలి వెళ్లిపోయిన స్నేహితురాలు ఉండొచ్చు. చెప్పుకోలేని నొప్పి ఉండొచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి ‘ఎందుకు?’ అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. ఇద్దరూ ఏదో పనిలో ఉన్నప్పుడు, ‘ప్రాక్టీస్‌లో అస్సలు నచ్చనిది ఏంటమ్మా?’ అని అడిగి చూడండి. జవాబుకు తొందరపెట్టకండి.

మడమలోనో, మోకాలి కిందో నొప్పి అంటే దాన్ని సాకు అనుకోవద్దు. ఎదిగే పిల్లల్లో అక్కడ ఎముక పెరిగే భాగాలు ఇంకా గట్టిపడి ఉండవు. పరుగు, గెంతడం ఎక్కువైతే నొప్పి అక్కడే మొదలవుతుంది. డాక్టరుకు చూపించండి.

మీరు రాసిన లెక్కే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పిల్లల వయసు ఎన్నేళ్లో, వారంలో శిక్షణ, పోటీలు కలిపి అన్ని గంటలు దాటకూడదన్నది క్రీడా వైద్యులు చెప్పే తేలికైన కొలత. మీ పాపకు ప్రాక్టీసే 12 గంటలు, ఆపైన మ్యాచ్. వారానికి ఒకటి రెండు రోజులైనా పూర్తి విశ్రాంతి ఉండాలంటారు, ఆమెకు ఒక్క రోజూ లేదు. ఇంత అలిసిపోయిన పిల్లను పట్టుదల లేనిదని అనుకోవడం అన్యాయం. ముందు కోచ్‌తో మాట్లాడి వారంలో ఒక రోజైనా తగ్గించండి. ఏడుపుకి కారణం అదే అయితే, కొన్నాళ్లలోనే మీకు తేడా తెలుస్తుంది.

గ్రౌండ్‌లో ఎవరైనా అవమానిస్తున్నా, కొడుతున్నా, ఆమెకు ఇబ్బంది కలిగేలా ప్రవర్తిస్తున్నా మాత్రం సీజన్ సంగతి పక్కన పెట్టి ఆ రోజే ఆపేయండి.

అలాంటిదేమీ లేకపోతే, నా సలహా ఆరు వారాలూ పూర్తి చేయించమనే. ఆమె వస్తుందన్న నమ్మకంతోనే మిగతా పిల్లలు తమ స్థానాల్లో ఆడుతున్నారు. కానీ ఆమె టీమ్‌కి మాట ఇచ్చింది ఈ సీజన్ వరకే. ఈ తేడా పాపకు మీ నోటితోనే చెప్పండి: ‘ఈ సీజన్ ఆడేద్దాం. తర్వాత ఆడాలా వద్దా అనేది నీ ఇష్టం. ఏదైనా మేం కోప్పడం.’ దారి ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే పిల్లలు చాలావరకు నడిచేస్తారు. అయితే చివర్లో ‘ఇంకొక్క సీజన్’ అనకండి. అలా అన్నారంటే ఇక మీ మాట నమ్మదు.

కెరీర్ గురించి కూడా అడిగారు. ఒకే ఆటకు అంకితమవడం 15, 16 ఏళ్ల వరకు ఆగడం మంచిదని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. దెబ్బలు, విసుగు తగ్గుతాయన్నది వారి వాదన. నార్వేలో పిల్లల క్రీడలకు 1987 నుంచి ప్రత్యేక నియమాలున్నాయి. చిన్న వయసులో ర్యాంకులు, ఫలితాల పట్టికలు ఉండవు. ఏ ఆట, ఎంత ఆడాలన్న దాంట్లో పిల్లల మాటకు విలువ ఉంటుంది. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచింది. ఆ నియమాల వల్లే గెలిచారని నేను అనను. కానీ పన్నెండేళ్లకే గట్టిగా బిగించకపోతే భవిష్యత్తు పోతుందన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

ఇక మీ గురించి. నా దగ్గరికొచ్చే పిల్లలు ఓడిన మ్యాచ్ కంటే, దాని తర్వాత ఇంటికొచ్చే దారి గురించే ఎక్కువ చెబుతారు. ఆ పాస్ ఎందుకు ఇవ్వలేదు, అక్కడ ఎందుకు ఆగిపోయావు... ఇల్లు చేరేదాకా అదే. ఆ మాటలు ప్రేమతోనే వస్తాయని నాకు తెలుసు. పిల్లలకు మాత్రం రెండో కోచ్ పక్కన కూర్చున్నట్టుంటుంది. ఈ ఆరు వారాలూ ‘నువ్వు ఆడుతుంటే చూడటం నాకిష్టం’ అని ఊరుకోండి. తను మొదలుపెట్టేదాకా మీరు మ్యాచ్ సంగతి ఎత్తవద్దు.

సీజన్ అయ్యాక ఒక నెల పూర్తిగా ఆట లేకుండా వదిలేయండి. ఆ నెలలో బంతి తనంతట తనే బయటికి తీస్తుందేమో గమనించండి. తీసినా, తియ్యకపోయినా, వచ్చే సీజన్‌కి పేరు ఇచ్చే ముందు అడగాల్సింది ఆమెనే.