'యాక్సెప్ట్ ఆల్' నొక్కాను, ఇక నా వివరాలు ఎవరికైనా ఇచ్చుకోవచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, నెల క్రితం పర్సనల్ లోన్ల వడ్డీ రేట్లు పోల్చి చూపే ఒక వెబ్‌సైట్‌ను ఫోన్‌లో తెరిచాను. తెరవగానే సగం స్క్రీన్ కప్పేస్తూ కుకీల గురించి ఇంగ్లిష్‌లో ఒక పెట్టె వచ్చింది. 'యాక్సెప్ట్ ఆల్' అనే ఆకుపచ్చ బటన్ తప్ప వేరే దారి కనిపించక అదే నొక్కాను. రేట్లు చూడాలంటే మొబైల్ నంబరు, పాన్ ఇవ్వమంటే ఇచ్చాను. లోను మాత్రం తీసుకోలేదు, వాళ్లకు రూపాయి కట్టలేదు. మర్నాటి నుంచి ఏ సైట్ చూసినా లోన్ ప్రకటనలే. రోజుకు ఏడెనిమిది ఫోన్లు. ఇదే ఫోన్‌లో చదువుకునే మా పదో తరగతి అమ్మాయికీ అవే ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఫోన్ చేసిన వాళ్లను నిలదీస్తే 'మీరే ఒప్పుకున్నారు కదా సార్' అంటున్నారు. ఇది చట్టం ముందు చెల్లుతుందా? పరిహారం అడగవచ్చా? ఈ కుకీలను ఎలా వదిలించుకోవాలి?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కుకీలను ఇంకా చెరపకపోతే ఇవాళ చెరపకండి. అందరూ ముందు చెరిపేసి, తర్వాత సలహాకు వస్తారు. అప్పటికి చూపించడానికి ఏమీ మిగలదు. సాక్ష్యం ఎలా దాచుకోవాలో కింద చెబుతాను.

మీ విషయంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ప్రకటనలు వెంటపడటానికి కారణం కుకీలు. ఫోన్లు రావడానికి కారణం మీరు ఫారంలో టైప్ చేసిన నంబరు. కుకీ అంటే సైట్ మీ బ్రౌజర్‌లో దాచే చిన్న రాత. ఒక పేరు, ఒక విలువ, ఏ సైటుదో, ఎన్నాళ్లు ఉండాలో అందులో ఉంటాయి. ఒక్కోటి నాలుగు కిలోబైట్లకు మించదు. మీరు టైప్ చేయని నంబరును కుకీ మీ ఫోన్‌లోంచి తవ్వి తీయలేదు. మీరిచ్చిన నంబరు ఆ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి, మీ ఫోన్‌లోని కుకీలన్నీ తుడిచేసినా కాల్స్ ఆగవు. కుకీల పెట్టెలో నొక్కిన బటన్‌ను చూపించి 'మీ నంబరు పదిమందికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు' అనడం కూడా అందుకే నిలబడే వాదన కాదు. ఆ పెట్టె అడిగింది కుకీల గురించి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ సమ్మతి అంటే ఏమిటో చెప్పింది: ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. అయితే ఫారం కింద సన్నని అక్షరాల్లో 'మా భాగస్వాములు మిమ్మల్ని సంప్రదించడానికి అంగీకరిస్తున్నాను' అని ఉండి, దాని పక్కన టిక్ ఉంటే వాళ్లకు కొంత బలం వస్తుంది. ఆ ఫారాన్ని మళ్లీ తెరిచి, ఏమీ నింపకుండా, ఆ వాక్యం ఉందో లేదో చూడండి. టిక్ ముందే పెట్టి ఉందా, మీరు పెట్టాల్సి వచ్చిందా అన్నది గమనించండి. కేసు బలం చాలావరకు అక్కడే తేలుతుంది.

ఇక కొత్త చట్టం సంగతి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కానీ అన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు. డేటా రక్షణ బోర్డుకు సంబంధించినవి వెంటనే వచ్చాయి. మీకు పనికొచ్చే సమ్మతి, నోటీసు, డేటా తొలగింపు సెక్షన్లకు ఆ నోటిఫికేషన్ 18 నెలల గడువు పెట్టింది. అంటే 2027 మే దాకా ఆగాలి. చట్టం వచ్చేసింది కదా అని ఇప్పుడే బోర్డుకు ఫిర్యాదు రాస్తే ప్రయోజనం ఉండదు.

అమల్లోకి వచ్చాక ఆ చట్టం మీలాంటి వారికి గట్టి ఆయుధమే. 6వ సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికోసమని నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతు లేకుండా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. ఆ పనికి అవసరమైన డేటాకే అది పరిమితం. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: ఫోన్లో వైద్యం అందించే యాప్ మీ కాంటాక్ట్ లిస్టు కూడా అడిగింది, మీరు రెండింటికీ సరే అన్నారు. వైద్యానికి కాంటాక్టులు అక్కర్లేదు కాబట్టి మీ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుంది. దీన్ని మీకు అన్వయించుకోండి. రేట్లు చూపడానికి మీ నంబరు పదిమంది ఏజెంట్ల చేతికి వెళ్లాల్సిన పని లేదు. సమ్మతి అడిగే రాతను ఇంగ్లిష్‌లోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు ఉండాలి. తెలుగు అందులో ఉంది. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. చట్టం రాకముందు ఇచ్చిన సమ్మతి సంగతేమిటని అనుమానం రావచ్చు. అప్పుడు కంపెనీ మీకు కొత్తగా నోటీసు ఇవ్వాలి, మీరు వద్దనే దాకానే వాడుకోగలదు.

పరిహారం విషయంలో మాత్రం మీకు ఆశ పెట్టలేను. ఐటీ చట్టం 43ఎ సెక్షన్ కింద రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌గా (విచారించి తీర్పు చెప్పే అధికారిగా) ఐదు కోట్ల వరకు క్లెయిములు విచారిస్తారు. కానీ అక్కడ మూడు నిరూపించాలి: బయటికి పోయినది పాస్‌వర్డ్, బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, ఆరోగ్య వివరాల వంటి సున్నితమైన డేటా అని, కంపెనీ భద్రతలో నిర్లక్ష్యం చేసిందని, దానివల్ల మీకు నష్టం కలిగిందని. మొబైల్ నంబరు ఆ జాబితాలో లేదు. ప్రకటనలు విసిగించాయన్నది నష్టం కింద నిలబడదు. మీ పాన్‌తో ఎవరైనా లోను తీసుకుంటే అప్పుడు కథ వేరు. సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడే తెప్పించి, మీకు తెలియని ఎంక్వైరీలు (లోను కోసం మీ రిపోర్టును ఎవరైనా తెప్పించి చూసిన నమోదులు) ఉన్నాయేమో చూసుకోండి.

దీన్ని మించి బాధ కలిగించే విషయం ఇంకొకటి. కొత్త చట్టం పూర్తిగా అమలైన రోజున ఈ 43ఎ సెక్షన్ రద్దవుతుంది. కొత్త చట్టంలో జరిమానాలు 250 కోట్ల దాకా ఉన్నాయి, అయితే ఆ సొమ్ము భారత సంఘటిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు జమ అవుతుంది. నష్టపోయిన మనిషి చేతికి అందులో ఒక్క రూపాయీ రాదు. ఇది చట్టంలో పెద్ద లోటని నా అభిప్రాయం.

వినియోగదారుల చట్టం 2(47) సెక్షన్ ప్రకారం, నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని రీతిలో మరొకరికి చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. చదవడానికి మీ కోసమే రాసినట్టుంటుంది. కానీ మీరు డబ్బు కట్టలేదు కాబట్టి 'మీరు వినియోగదారుడే కాదు' అని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఎదుటి లాయరు మొదటి రోజే లేవనెత్తుతాడు. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో వంద రూపాయలు కట్టి ఉన్నా పరిస్థితి వేరుగా ఉండేది. ఆ పెట్టె తీరుమీద మాత్రం ఫిర్యాదు చేయవచ్చు. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 మోసపు పద్ధతుల జాబితా ఇచ్చాయి. ఒప్పుకునే బటన్‌ను వెలిగించి, వద్దనే దారిని దాచడం అందులోని 'ఇంటర్‌ఫేస్ ఇంటర్‌ఫియరెన్స్' కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పవచ్చు. వాళ్లిచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) రాసుకోండి.

ఇప్పుడు సాక్ష్యం. మీరు ఒప్పుకున్న సంగతి కూడా ఒక కుకీలోనే ఉంటుంది, అందుకే ఆ పెట్టె మీకు మళ్లీ కనిపించదు. బ్రౌజర్ పాత కుకీలను వాడని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిస్తే వస్తుంది. కాకపోతే ఆండ్రాయిడ్ క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో స్క్రీన్‌షాట్ తీయనివ్వదు. ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి, లేదా కంప్యూటర్‌లో తెరవండి. కంప్యూటర్ అయితే ఇంకా మేలు. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ఎఫ్12 నొక్కండి. పైన 'అప్లికేషన్' ట్యాబ్, ఎడమవైపు 'కుకీస్'. అప్పుడు సైట్ తెరిచి, ఏ బటనూ నొక్కకుండా జాబితా చూడండి. 'ఎఫ్‌బీపీ' (_fbp) అని ఉంటే అది ఫేస్‌బుక్ కంపెనీ మెటా ప్రకటనల కోడ్ (పిక్సెల్) పెట్టినది, ఆయుష్షు 90 రోజులు. 'జీసీఎల్' (_gcl) అని మొదలైతే గూగుల్ యాడ్స్‌ది. 'జీఏ' (_ga) అంటే సందర్శకులను లెక్కించే గూగుల్ అనలిటిక్స్. మీరు ఏదీ నొక్కకముందే ప్రకటనల కుకీలు అక్కడ వచ్చి కూర్చుంటే, 'మీరు ఒప్పుకున్నారు' అనే మాట అబద్ధమని ఆ ఒక్క స్క్రీన్ చూపిస్తుంది. కంప్యూటర్ గడియారం, సైట్ అడ్రసు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లూ దాచండి. రేపు ఇవి కోర్టుకు వెళ్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అసలు ఫైళ్లను ఎడిట్ చేయకుండా, వాట్సాప్‌లో తిప్పకుండా ఉంచండి. వాట్సాప్ బొమ్మను కుదించేస్తుంది, ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య, అంటే హ్యాష్ విలువ, మారిపోతుంది.

తర్వాత సైట్ ప్రైవసీ పాలసీ చివర ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) ఈమెయిల్ పెట్టండి. 2011 నాటి ఐటీ నియమాల్లో 5వ నియమం ప్రకారం సమ్మతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు, ఫిర్యాదును వాళ్లు నెలలోపు తేల్చాలి. ఇలా రాస్తే చాలు:

'ఫలానా తేదీన మీ సైట్‌లో నా మొబైల్ నంబరు, పాన్ ఇచ్చాను. లోను తీసుకోలేదు. నా వివరాల వాడకానికి, ఇతరులకు ఇవ్వడానికి నేను ఇచ్చినట్టు మీరు భావిస్తున్న ప్రతి సమ్మతినీ ఈ ఈమెయిల్‌తో వెనక్కి తీసుకుంటున్నాను. నా వివరాలు ఎవరెవరికి, ఏ తేదీన ఇచ్చారో తెలపండి. మీ దగ్గరున్నవి తొలగించి, మీరు ఇచ్చిన వారికీ అదే చెప్పి, నెలలోపు రాతపూర్వకంగా ధృవీకరించండి. ఇకపై మీ తరఫున వచ్చే ప్రతి కాల్‌నూ నా సమ్మతి లేని కాల్‌గా పరిగణిస్తాను.'

చివరి వాక్యం మరవకండి. మార్కెటింగ్ కాల్స్ వద్దని నమోదు చేసుకునే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్)లో ఉన్నా, మీరు విడిగా సమ్మతి ఇచ్చిన కంపెనీ కాల్ చేయవచ్చు. ఆ సమ్మతి పోయిందని రాతలో ఉంటేనే ఫిర్యాదు నిలుస్తుంది. డీఎన్‌డీ కోసం 'స్టార్ట్ 0' అని ఇంగ్లిష్ అక్షరాల్లో 1909కి మెసేజ్ పంపండి. ఆ తర్వాత వచ్చే ప్రతి కాల్‌పై ఏడు రోజుల్లోపు అదే 1909కి, లేదా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో ఫిర్యాదు చేయాలి. ఈలోగా ఫోన్ చేసిన వాళ్లను తిట్టకుండా ఒక్క ప్రశ్న అడగండి: 'ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ తరఫున?' పేరు చెబితే అది రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థ అవుతుంది. డిజిటల్ లోన్ల విషయంలో డేటా అవసరమైనంతే, ముందస్తు స్పష్టమైన సమ్మతితోనే తీసుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. ఏజెంటు చేసిన దానికి ఆ సంస్థే జవాబుదారీ. దానికి ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో, ఫీజు లేకుండా పంపవచ్చు. మీ కేసులో త్వరగా ఫలితమిచ్చే దారి ఇదే.

ఇవన్నీ అయ్యాక కుకీలు చెరపండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, 'సైట్ సెట్టింగ్స్', 'థర్డ్ పార్టీ కుకీస్'కు వెళ్లి 'బ్లాక్' ఎంచుకోండి. మీరు తెరిచిన సైట్ కాకుండా దానిలో అతుక్కుని వచ్చే ప్రకటనల కంపెనీలు పెట్టేవి ఇవే. ఆ తర్వాత 'డిలీట్ బ్రౌజింగ్ డేటా'లో 'ఆల్ టైమ్' పెట్టి, 'కుకీస్ అండ్ సైట్ డేటా'కు మాత్రమే టిక్ ఉంచి తుడవండి. మెయిల్, బ్యాంకు అన్నిటా మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది, పాస్‌వర్డ్‌లు దగ్గర పెట్టుకోండి. అంత అక్కర్లేదనుకుంటే సైట్ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క సైట్ డేటానే తీసేయవచ్చు. అన్ని కుకీలనూ నిషేధించే జోలికి పోకండి, లాగిన్లే పనిచేయవు. థర్డ్ పార్టీవి ఆపినప్పుడు కూడా ఏదైనా పేమెంట్ పేజీ ఓటీపీ దగ్గర తిరుగుతూ ఆగిపోతే, ఆ ఒక్క సైటుకు మినహాయింపు ఇవ్వండి. ఐఫోన్ సఫారీ థర్డ్ పార్టీ కుకీలను 2020 నుంచే ఆపేస్తోంది. కుకీలు తుడిస్తే, ఏదైనా సైట్‌లో మీరు 'రిజెక్ట్' నొక్కిన గుర్తు కూడా పోతుంది. పెట్టె మళ్లీ వస్తుంది, మళ్లీ వద్దనాలి. 'మేనేజ్' లేదా 'ప్రిఫరెన్సెస్' అనే చిన్న లింకు లోపల 'అవసరమైనవి మాత్రమే' అనేది దాగి ఉంటుంది.

యాప్‌లలో ప్రకటనలకు కుకీలతో పనిలేదు. అక్కడ ఫోన్‌కు ఉండే అడ్వర్టైజింగ్ ఐడీ ఆధారం. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, 'యాడ్స్', 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ' నొక్కండి. కొన్ని ఫోన్లలో ఇది 'గూగుల్' మెనూ లోపల ఉంటుంది.

మీ అమ్మాయి విషయం. కొత్త చట్టం 9వ సెక్షన్ 18 ఏళ్ల లోపు వారి అలవాట్లను వెంటాడి గమనించడాన్ని, వారిని గురిపెట్టి ప్రకటనలివ్వడాన్ని నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల వరకు ఉంటుంది. ఈ సెక్షన్‌కూ 2027 మే దాకా ఆగాల్సిందే. పైగా ఆ ఫోన్ మీది, అకౌంటు మీది కాబట్టి సైట్ దృష్టిలో చూస్తున్నది మీరే. ఆమె చదువుకు అదే ఫోన్లో మరో బ్రౌజర్ వేసి, అసలు పుట్టిన తేదీతో సొంత అకౌంటు తెరిచి పెట్టండి. ఒక బ్రౌజర్‌లోని కుకీలు ఇంకోదానికి కనిపించవు. మీ లోన్ ప్రకటనలు ఆమె పాఠాల మధ్యకు రావడం చాలావరకు దాంతోనే తగ్గుతుంది.