తిప్పతీగ సారం పరీక్షించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పరిశోధనకు తిప్పతీగ కాడ సారాన్ని, దాని రసాయన కూర్పును, భద్రతను ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు మొక్కల మందుల ప్రయోగశాలలో గడిపిన అనుభవంతో ఒక్క మాట నొక్కి చెబుతాను: నువ్వు పరీక్షించేదీ, జనం తాగేదీ ఒకటే అయి ఉండాలి.

బజారులో కట్టలు కొనవద్దు. నేను తొలి రోజుల్లో అలా కొన్న ఎండు కాడలను పొడి చేసేశాక, అవి ఏ తీగవో రుజువు చేసే దారి లేక, మూడు నెలల పని పారేయవలసి వచ్చింది. మన తిప్పతీగకు, అంటే టినోస్పోరా కార్డిఫోలియాకు, దగ్గరి జాతి టినోస్పోరా క్రిస్పా. దాని ముదురు కాడ నిండా బుడిపెలుంటాయి, పచ్చిగా ఉన్నప్పుడు వేలితో తడిమినా తెలుస్తుంది, పొడి అయ్యాక మాత్రం ఆ ఆనవాలు మిగలదు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించినప్పుడు, ఆయుష్ శాఖ లేవనెత్తిన అభ్యంతరాల్లో మొక్క గుర్తింపు ముఖ్యమైనది. కనుక ఆకులతో ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్రజ్ఞుల చేత గుర్తింపు రాయించి, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) నంబరు తీసుకో.

మిథనాల్‌తో తీసిన సారంలోకి వచ్చే పదార్థాలు వేరు, ఇళ్లలో నీళ్లతో కాచిన కషాయంలోకి దిగేవి వేరు. అందుకే నీటి సారం తప్పకుండా చెయ్యి. వంద గ్రాముల ఎండు కాడకు పది గ్రాముల సారం వస్తే, ఒక గ్రాము సారం పది గ్రాముల కాడకు సమానమన్న లెక్క ప్రతి మోతాదు పక్కనా ఉండాలి. కాడలోని రసాయనాల్లో మాగ్నోఫ్లోరిన్ ఒక్కటే కొలిచి ఊరుకోక, కార్డిఫోలియోసైడ్-ఎ వంటివీ చూడు. విష లోహాలూ కొలువు: సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) దాటకూడదు.

జంతు ప్రయోగాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకో. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పరీక్షా మార్గదర్శకాల్లో 423వ దాని ప్రకారం కిలో బరువుకు 2000 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇచ్చి, 14 రోజులు గమనించి, ఎలుకలు బతికాయి కనుక సారం సురక్షితమని రాసేవారిని చాలామందిని చూశాను. అది నాకు చాలా బాధ కలిగించే సంగతి. కషాయాన్ని మనుషులు వారాల తరబడి తాగుతారు. అదే సంస్థవి 28 రోజుల 407, వీలైతే 90 రోజుల 408 పరీక్షలు చేసి, కాలేయం స్థితిని రక్తంలో తెలిపే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్‌లతో పాటు కాలేయం కోతలను సూక్ష్మదర్శినిలో చూడాలి. అప్పటికీ, రోగనిరోధక వ్యవస్థ వల్ల కొందరికే కలిగే హాని ఎలుకల్లో కనబడకపోవచ్చని స్పష్టంగా రాయి.

కాడలు సేకరించాక, పొడి చేయకముందే, ఒక మూరెడు ముక్క నాకు పంపించు.

మీ మామయ్య