పసిబిడ్డకు పెద్దవాళ్ల లివర్ ఎలా సరిపోతుంది?

పిత్తనాళాలు (లివర్ నుంచి పైత్యరసాన్ని పేగులోకి చేర్చే గొట్టాలు) మూసుకుపోయిన బిడ్డకు అమ్మ లివర్ ఎలా పడుతుందని అడిగారు. మొత్తం పెట్టరు. ఎడమవైపు చివరి భాగం, దాదాపు 20–25 శాతం, కోసి అమరుస్తారు. చంటిపొట్టకు అదే ఎక్కువ, ఒక్కోసారి పొట్ట మూసి కుట్లు వేయడానికి కూడా చోటు చాలదు! దాతకు మిగిలిన లివర్ కొన్ని వారాల్లోనే చాలావరకు పెరుగుతుంది. ఈ పద్ధతిలో తొలి విజయం 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, తల్లి నుంచి కొడుక్కి. బిడ్డ శరీరం కొత్త లివర్‌ను తిప్పికొట్టకుండా మందులు మాత్రం ఏళ్ల తరబడి, చాలామందికి జీవితాంతం వాడాలి.

మార్పిడి కంటే ముందు సాధారణంగా కసాయ్ ఆపరేషన్ (జపాన్ సర్జన్ పేరది) చేసి పేగునే లివర్‌కు కలుపుతారు. పుట్టిన 60 రోజుల లోపైతే ఫలితం మెరుగు. అందుకే పుట్టి రెండు వారాలు దాటినా కళ్లు పచ్చగా ఉండి, మలం తెల్లమట్టిలా వస్తుంటే తగ్గుతుందిలే అని ఆగకండి, వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.