చెయ్యి అందని ఆ ఒక్క బోల్టు

చి. మేనల్లుడికి ఆశీస్సులు.

కీల్ బోల్టులు ఎలా బిగించాలని అడుగుతూ నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కీల్ అంటే పడవ అడుగున బోల్టులతో బిగించిన బరువైన సీసపు రెక్కే కదా. దాని ముందు అంచున, పడవ అడుగుతో కలిసే చోట పడిన ఆ చీలిక గురించి కంగారు పడకు. పాత కాటలీనా 30 రకం తెరచాప పడవ కొన్నవాళ్లలో చాలామంది చూసేదే. ‘కాటలీనా స్మైల్’ అని ముద్దుపేరు కూడా ఉంది దానికి. అలాగని పైన పుట్టీ రాసి చేతులు దులుపుకోకు. బిల్జ్, అదే పడవ లోపల నీళ్లు చేరే అడుగు భాగం, తుడిచి ఆరబెట్టు. ఏ బోల్టు చుట్టూ మళ్లీ తడి ఊరుతోందో, తుప్పు చార ఎక్కడుందో చూడు. పడవ ఎప్పుడైనా నేలకి గుద్దుకుందా అని అమ్మినాయన్ని అడుగు. 2014 మేలో అట్లాంటిక్ మధ్యలో చీకీ రఫికీ అనే పడవకు కీల్ ఊడిపోయి నలుగురు పోయారు. అంతకుముందు అది నేలకి తగిలిన దెబ్బలూ, చేసిన రిపేర్లూ కలిసి కీల్ దగ్గర బలం తగ్గించి ఉండొచ్చని విచారణలో తేలింది.

పడవని బయటికి తీయించి, బరువు కీల్ మీదే ఆనేలా నిలబెట్టించు. గాల్లో వేలాడుతుంటే ఆ 4,200 పౌండ్ల సీసాన్ని నువ్వు పానాతో పైకి లాగినట్టవుతుంది.

బోల్టులు చూడటం మాత్రం చెయ్యి పోవట్లేదన్న ఆ చివరి బోల్టుతోనే మొదలుపెట్టు. నా మొదటి పడవలో ఒకటి నీళ్ల ట్యాంకు కింద ఉండేది. మిగతావి బిగుతుగా ఉన్నాయిగా అని మూడేళ్లు దాని జోలికి పోలేదు. చివరికి ట్యాంకు లేపి చూస్తే, నట్టు బిస్కట్‌లా పొరలు పొరలుగా ఊడొచ్చింది. స్టెయిన్‌లెస్ కదా తుప్పు పట్టదనుకున్నాను. గాలి ఆడని తడిలో నానితే అదీ తినేసుకుంటుంది. అప్పట్నుంచి ట్యాంకో, మెట్లో అడ్డమైతే ముందు వాటినే విప్పేస్తాను. సగం రోజు పోతుంది, పోనీ.

అయినా సాకెట్ దిగకపోతే క్రోఫుట్ వాడు. కాకి కాలిలా ఉంటుంది, పక్కనుంచి నట్టుని పట్టుకుంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. దాన్ని టార్క్ రెంచ్‌కి, అదే ఎంత బలంతో బిగిస్తున్నామో అంకెలో చూపే పానాకి, సూటిగా తగిలిస్తే రెంచ్ పొడవు పెరిగినట్టే. 20 అంగుళాల రెంచ్‌కి 2 అంగుళాలు కలిస్తే, నట్టు మీద 100 పడాలంటే రెంచ్ మీద 91 పెట్టాలి. అడ్డంగా, ఎల్ ఆకారంలో తగిలిస్తే ఈ లెక్క అక్కర్లేదు. సాకెట్‌కీ రెంచ్‌కీ మధ్య పెట్టే నిలువు రాడ్డు ఎంత పొడవున్నా అంకె మారదు.

అంకె మాత్రం నీ పడవ మాన్యువల్లోదే తీసుకో, నా మాట కూడా నమ్మకు. మరలకి గ్రీజు రాయాలో వద్దో కూడా అందులోనే చూడు. గ్రీజు ఉంటే అదే అంకెకి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. మధ్య బోల్టుల నుంచి చివర్లకి, రెండు మూడు విడతల్లో బిగించు.

నట్టు తిరుగుతూనే ఉండి బిగుసుకోకపోతే ఆపెయ్. లోపల బోల్టు తెగి ఉండొచ్చు. లేదా అడుగు నలుగుతూ ఉండొచ్చు. పాత కాటలీనాల్లో అక్కడ ప్లైవుడ్ ఉంటుంది, అది నానితే ఎంత బిగించినా తింటూనే ఉంటుంది. అప్పుడిక అది మన చేతిలో పని కాదు, పడవలు పరీక్షించే సర్వేయర్‌ని పిలువు.

అయ్యాక నట్టు మీదనుంచి వాషర్ మీదకి మార్కర్‌తో ఒక గీత గీసి ఫొటో తీసి పెట్టుకో. వచ్చే సీజన్లో గీత జరిగిందేమో చూద్దాం.

నట్టు ఎంత వెడల్పుందో కొలిచి పంపు. ఆ సైజు సాకెట్ నా గరాజ్‌లో ఉంటే పంపిస్తా, మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు. అవన్నీ అమ్మేశానని చెప్పి ఉన్నాను.

మీ మామయ్య