నేను వచ్చేదాకా ఆ గోడ ముట్టుకోనివ్వకు

చిన్నారీ,

రాజమండ్రి ఇంటికి రిపేర్లు మొదలుపెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మీ తాతయ్య 1968లో కట్టిన ఇల్లు. ఆ వీధిలో సగం ఇళ్లు అపార్ట్‌మెంట్లు అయిపోయాయి. నువ్వు మాత్రం దాన్ని బాగుచేయించుకుని ఉంటానన్నావు. అంతలోనే మీ అమ్మ, "హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేయిస్తుందట అన్నయ్యా" అంది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నా.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. మేస్త్రికి డబ్బంతా ముందే ఇచ్చేయకు. వారం వారం అయిన పనికి లెక్క కట్టి ఇవ్వు. అనుకున్న ఖర్చు కాకుండా ఇంకొంత చేతిలో ఉంచుకో, పాత ఇంట్లో ప్లాస్టరింగ్ కొడితేగానీ అసలు జబ్బు బయటపడదు. ఆ గోడల్లోవి పాత జీఐ పైపులు, అంటే జింకు పూత ఇనుప పైపులు, టైల్స్ వేయకముందే మార్పించు. బాత్రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూశాకే టైల్స్. వైరింగ్ మొత్తం కొత్తది వేయించి, ఎర్తింగ్ చూపించి, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించు.

హైదరాబాద్ నుంచే వీడియో కాల్‌లో చూసుకుంటానన్నావట. ఎలా చూస్తావమ్మా? ఇటుక నానబెట్టారో లేదో ఫోన్‌లో కనిపిస్తుందా? కలిపిన సిమెంటు మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ నీళ్లు పోసి వాడుతున్నారని ఎవరు చెబుతారు నీకు? కనీసం గోడలు కొట్టే రోజుల్లో సెలవు పెట్టు.

ఇక ఆ గోడ సంగతి.

హాల్లో నడినెత్తిన అడ్డంగా ఒక బీమ్ ఉంటుంది చూడు. చిన్నప్పుడు దానికి బెలూన్లు కట్టేదానివి. తాతయ్య ఇల్లు కట్టినప్పుడు అది లేదు. దాని కింద గోడ ఉండేది. ఆ గోడ తీయించింది నేను.

1994 వైశాఖంలో మీ అమ్మ పెళ్లి. నాకు ఇరవై ఆరేళ్లు. వచ్చే జనానికి హాలు చాలదని, పక్క గది కలిపేస్తే బాగుంటుందని నాకు తోచింది. నాన్నగారు ధాన్యం డబ్బుల కోసం ఊరెళ్లారు. ఆయన వచ్చేసరికి చేసి చూపిద్దామనుకున్నా. మేస్త్రి, "ఏం కాదు బాబూ, స్లాబు గట్టిది" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది కాబట్టి నమ్మాను. ఆ ఇంట్లో పిల్లర్లు లేవని, స్లాబు బరువంతా ఆ తొమ్మిదంగుళాల గోడలే మోస్తున్నాయని, పైన మేడగది గోడ సరిగ్గా దీని మీదే కూర్చుందని నేను ఆలోచించనే లేదు.

సాయంత్రానికి గోడ పోయింది. హాలు విశాలంగా కనబడితే మురిసిపోయాను. రాత్రి ఎనిమిది గంటలప్పుడు పైన టప్పున చప్పుడు. మేడగది గుమ్మం మూల నుంచి ఏటవాలుగా పగులు. హాల్లో సీలింగు నుంచి సున్నం పెచ్చు ఊడి, మా నాయనమ్మ మంచం పక్కన పడింది. ఆవిడ మంచం మీదే ఉంది, చిన్నారీ. జానెడు దూరం.

అదే సమయానికి నాన్నగారు బస్సు దిగి ఇంటికొచ్చారు. పైకి చూశారు. నన్ను ఒక్క మాట అనలేదు. నాయనమ్మని చేతుల మీద ఎత్తుకుని బయటికి నడిచారు. ఆ రాత్రి అందరం వీధి అరుగు మీదే పడుకున్నాం. ఎవరి మీదైనా స్లాబు పడి ఉంటే అన్న ఆలోచన ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

తెల్లారి తాతయ్య స్నేహితుడు, రిటైరైన ఇంజినీరు వచ్చి సరుగుడు బాదులతో స్లాబుకి ఊతం పెట్టించారు. తర్వాత బీమ్ పోయించి, పద్నాలుగు రోజులైనా బాదులు కదపొద్దన్నారు. పెళ్లికేమో పదకొండు రోజులే. ఆ బాదుల మధ్యే మీ అమ్మ పెళ్లి జరిగింది. మీ అత్తయ్యలు వాటికి మామిడాకులు, బంతిపూలు చుట్టారు. ఆల్బమ్‌లో పందిరి రాటల్లా కనిపించేవి అవే. మీ అమ్మ ఈ కథ నవ్వుతూ చెబుతుంది. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

నువ్వు తీయిస్తానంటున్న గోడ కూడా అలాంటిదే అయ్యుండొచ్చు. తలుపు చట్రం దగ్గర టేపు పెట్టి కొలువు. ప్లాస్టరింగ్‌తో కలిపి తొమ్మిది అంగుళాలు దాటితే అది బరువు మోసే గోడ అనుకో. ఐదారు అంగుళాలే ఉన్నా పైన ఏముందో చూడకుండా సరే అనొద్దు. మేస్త్రి మాట మీద వద్దు, నా మాట మీద కూడా వద్దు. స్ట్రక్చరల్ ఇంజినీరుని ఇంటికి పిలిచి చూపించి, కాగితం మీద రాయించుకో. ఆయన సరేనంటే, ముందు రెండు పక్కలా స్లాబుకి ఊతంగా జాకీలు పెట్టాకే మొదటి సుత్తి దెబ్బ. బీమ్ కింద జాకీలు ఎప్పుడు తీయాలో కూడా ఆయనే చెప్పాలి. తొందరపెట్టకు. ఇంజినీరు ఫీజు దండగ అనిపిస్తే నాకు చెప్పు, నేనిస్తాను.

వంటింట్లో వెలుతురు కావాలని నీ కోరిక, నాకు తెలుసు. మీ అమ్మమ్మ ఆ చీకట్లోనే జీవితమంతా వండింది. గోడ మొత్తం కాకుండా వడ్డించుకునేంత కిటికీలా తెరిపిస్తే చాలునేమో, అదీ అడుగుదాం ఇంజినీరుని.

నేను ఆదివారం పొద్దున దిగుతాను. మోకాళ్ల నొప్పులని మీ అమ్మ వద్దంటుంది, వినకు. బాదులు తీసిన రోజు తాతయ్య స్టూలెక్కి ఆ బీమ్ పక్కన పెన్సిల్‌తో తేదీ రాశారు. మీద నాలుగైదు పూతలు పడి ఉంటాయి. పెయింటర్లని అక్కడ గీకొద్దని చెప్పు, నేను వచ్చి చూపిస్తాను.

మీ మామయ్య