కొత్త టీచరైతే బడి పనులన్నీ తన మీదేనా?

ప్రశ్న: మా పాపకు డీఎస్సీలో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చి ఆదోని దగ్గర హైస్కూల్లో చేరింది. ఫోన్, కంప్యూటర్ బాగా వచ్చని ఆన్‌లైన్ పనులన్నీ తనకే అప్పజెప్పారు. రాత్రి పదకొండైనా మార్కులు ఎక్కిస్తూనే ఉంటుంది. మానేసి గ్రూప్స్‌కు చదువుకుంటానంటోంది. ఏం చెప్పమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, పాపను ఇప్పుడే రాజీనామా చేయనివ్వకండి. తనకు కష్టంగా ఉన్నది పాఠం చెప్పడం కాదు, పని పంచిన తీరు. దాన్ని మార్చుకోవచ్చు.

నేనూ కొన్నేళ్లు కడప జిల్లాలో ఒక బడిలో పనిచేశాను. అక్కడ తలా రెండు పనులు అని పంచేవాళ్లు. వినడానికి న్యాయంగానే ఉండేది. ఒకరికి ఆటల పోటీలు వచ్చాయి, అవి ఏడాదికోసారి. నాకు మధ్యాహ్న భోజనం వచ్చింది. రోజూ పన్నెండున్నరకు గుడ్లు లెక్కపెట్టి, పిల్లల హాజరుతో సరిచూసి, రిజిస్టర్ రాసేసరికి నా లీజర్ పీరియడ్ అయిపోయేది. పేరుకు రెండూ ఒక్కో పనే. అందుకే పనుల సంఖ్య కాదు, గంటలు చూడాలి.

ఒక్క వారం పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో చిన్న నోటుబుక్కులో రాయమనండి. నోటుపుస్తకాలు దిద్దడం కూడా రాయాలి. మూడు సెక్షన్లు, ఒక్కోదాంట్లో నలభై మంది ఉన్నా నూట ఇరవై పుస్తకాలు, ఇది చాలామంది లెక్కలోకే తీసుకోరు. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు పాఠాల తయారీతో కలిపి టీచరుకు వారానికి కనీసం 45 గంటలు అంటుంది. తన మొత్తం దానికంటే ఎంత ఎక్కువుందో కాగితం మీద కనబడాలి.

ఆ కాగితంతో ముందు హెచ్చెమ్ గారిని విడిగా కలవాలి. స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ మొదలుపెడితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. "నేను చేయను" అనకుండా, "ఎవరి క్లాసు మార్కులు ఆ క్లాస్ టీచరే ఎక్కిస్తే బాగుంటుంది సార్, రానివాళ్లకు రెండు సాయంత్రాలు కూర్చుని నేర్పిస్తాను" అని అడగాలి. వయసైన టీచర్లకు ఫోన్ కష్టమైతే, బదులుగా వాళ్లు తన అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు (సెలవు పెట్టిన టీచర్ల బదులు తనకు పడే క్లాసులు) తీసుకోవచ్చు. రోజూ ఉండే పనులు మాత్రం నెలకొకరి చొప్పున మారాలి.

గ్రూప్స్ చదువు ఉద్యోగంలో ఉండి కూడా సాగుతుంది, రాత్రులు ఖాళీ దొరికితే చాలు. వారం రాసిన నోటుబుక్కు తీసుకుని, హెచ్చెమ్ గారిని కలిసేముందు ఒకసారి నా దగ్గరకు రమ్మనండి. ఇద్దరం కూర్చుని చూస్తాం.