శ్రీకాకుళం నుంచి మహేంద్రగిరికి ఎలా, ఎప్పుడు వెళ్లాలి?
కొండ ఉన్నది ఒడిశా గజపతి జిల్లాలో, ఎత్తు 1,501 మీటర్లు. బండి మీదైతే పాతపట్నం దాటి పర్లాకిమిడి మీదుగా వెళ్లండి. మందస వైపు నుంచి నడిచి ఎక్కేవాళ్లూ ఉన్నారు కానీ, దారి తెలిసిన ఊరివాళ్ల తోడు లేకుండా మాత్రం బయల్దేరకండి.

నన్నడిగితే డిసెంబరు, జనవరి మంచి నెలలు. తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా పడుతుందంటే, పెద్ద పెద్ద బండరాళ్లతో కట్టిన భీముడి గుడి పక్కనే ఉన్నా కనబడదు. తడిసిన రాయి చేతికి చల్లగా తగిలాకే తెలుస్తుంది. స్వెట్టర్ తప్పనిసరి. శివరాత్రికి జాతర, ఒకటే జనం.

పైన కొట్లు ఉంటాయని నమ్ముకోకండి. నీళ్లు, తిండి పట్టుకెళ్లండి. ఖాళీ సీసాలు, కవర్లు దయచేసి కిందికి తెచ్చేయండి. మహేంద్రతనయ నది పుట్టేది ఆ కొండల్లోనే, మన బారువ దగ్గర సముద్రంలో కలిసేది ఆ నీళ్లే.